మేడ మీద నాలుగో తరగతి

నాచారంలో ఒక సర్కారు ప్రాథమిక బడి. ప్రత్యేక రాష్ట్రం కోసం రోజు విడిచి రోజు బంద్‌లు జరుగుతున్న కాలం, ఒక జూలై సాయంత్రం. బడి వదిలి చాలాసేపైంది. మేడ మీద నాలుగో తరగతి గదిలో ఇద్దరే ఉన్నారు. కుర్చీలోంచి కదలని బిక్షపతి సారు, గుమ్మం వదలని త్రివేణి.

“ఇగ మాట్లాడెటందుకు ఏం లేదమ్మా. చెప్పేది చెప్పిన. నువ్వు నడువు, మబ్బు పట్టింది.”

“మీరు గూడ పోయెటోల్లే గద సార్. ఇద్దరం కల్సే దిగుదాం. చౌరస్తా దాంక నడుసుకుంట మాట్లాడుకుందాం.”

“నాకు పనుంది. ఈ కాపీలు దిద్దాలె.”

“దిద్దుండ్రి. నేను నిలవడ్త.”

“శానాసేపు పడ్తది.”

“పడనియ్యుండ్రి. కంపెనీల సూపర్‌వైజర్ కాళ్లు మొక్కి పూట సెలవు వెట్టిన. రేపు, ఎల్లుండి బంద్ అంటున్నరు. బంద్ కంటె ముందుగాల్నే ఏదో ఒకటి తేల్సుకోమన్నది హెడ్మాస్టర్ మేడం.”

“మేడం నీతోని ఏమన్నది? ఉన్నదున్నట్టు చెప్పు.”

“‘నాకేం అభ్యంతరం లేదు త్రివేణీ, బిక్షపతి మాస్టారు ఊ అంటే చాలు, నాలుగో తరగతిని కిందికి దించి రెండో తరగతిని పైకి పంపేస్తాను’ అన్నది. గదే మాట. అబద్ధమైతె నా నోట్లె మన్ను వడ.”

“ఆమెకేంది, అంటది. చెప్పేటోల్లకు ఏం కష్టం?”

“మూడో తరగతి దాంక కింద సదివింది సార్ నా బిడ్డ. నాలుగు, అయిదు పైన వెట్టిన్రు. మెట్లెక్కరాక, బడి తెరిసిన కాన్నుంచి పాసైన పిల్ల మల్ల మూడో తరగతిలనే కూసుంటున్నది. తోటి పిల్లలందరు పైకొచ్చిన్రు. ఇంటర్‌బెల్‌ల దిగొస్తె వాల్లను అడుగుతదట, ఇయ్యాల సార్ ఏం చెప్పిండని. మీరు చెప్పిన పాఠం పొల్లు పోకుంట నాకు వొప్పజెప్తది.”

“తెలివైన పిల్లనే. కాదన్ననా?”

“మరి కిందికి రారాదుండ్రి.”

“అట్ల కాదమ్మా. రెండో తరగతి పిల్లలు బుడ్డబుడ్డోల్లు. పైన ఉరుకుతరు, పిట్టగోడ పొట్టిగున్నది. ఎవడన్న తొంగి చూసి పడ్తె జవాబెవరు చెప్పాలె?”

“ఎండకాలంలనే ఇనుప జాలీ వెట్టిన్రు గద సార్. గిదో, మీ కిటికీలకెల్లి కనవడ్తనే ఉన్నది.”

“జాలీ ఉంటె సరిపోతదా? పద్మశ్రీ టీచర్ ఒప్పుకోవద్దా? ఆమె పిల్లల్ని తీసుకొని దినాం ఎక్కాలె, దిగాలె.”

“అడిగిన సార్. ‘పైకి పోతె గాలన్న వస్తది, కింద వంటరూం పొగకు కండ్లు మండుతున్నయి’ అని సంబురపడ్డది.”

“ఆమెను గూడ అడిగినవా?”

“అడిగిన.”

“అయిదో తరగతి రామ్మోహనరావు సార్ ఉన్నడు. ఆయన నా పిల్లలకు లెక్కలు చెప్తడు, నేను ఆయన పిల్లలకు తెలుగు చెప్త. పక్కపక్కకు ఉన్నం గనుక నడుస్తుంది. నేను కింద, ఆయన పైన అయితె ఎట్ల?”

“‘నేనే దిగొస్తా, నాకు కాళ్లు లెవ్వా’ అన్నడు.”

“ఏమన్నడు?”

“…తప్పు వట్టకుండ్రి సార్. ఆయన గట్లనే మాట్లాడ్తడు, మనసుల ఏం లేదు.”

“అందర్నీ అడిగినవన్నట్టు.”

“అందర్నీ అడిగిన. ఊ అననిది మీరొక్కరే సార్.”

“ఒక పని చెయ్యి. మండలం నుంచి ఒక టీచరమ్మ ఉన్నది, గిట్లాంటి పిల్లల కోసమే పెట్టిన్రు. ఇంటికే వచ్చి చదువు చెప్తది. పేరు బళ్లెనే ఉంటది, పరీక్షలు బళ్లెనే. పిల్లకు గింత దూరం వచ్చే గోస తప్పుతది. మంచి పద్ధతి అది.”

“వారానికొక్కపారి గంట సేపు వస్తదట గా టీచరమ్మ. కడమ దినాలు?”

“ఇంట్ల చదువుకుంటది.”

“మాది ఒక్క రూం సార్. నేను మందుల కంపెనీల ప్యాకింగ్‌కు పోత, మా ఆయన గోదాంల హమాలీ. ఇద్దరం పోతె బయట గొళ్లెం వెట్టి పోవాలె. ఎండకాలం సెలవులన్ని గట్లనే వెట్టిన. మా కిటికి కిందికున్నది, కూసున్నోల్లకు గల్లీల పోయెటోల్ల కాళ్లే కనవడ్తయి. సెలవులు ఒడిసేటాల్లకు గల్లీల ఎవ్వలు ఏ చెప్పులేసుకుంటరో అన్ని చెప్పవట్టింది. ‘అమ్మా, ఇయ్యాల కిరాణం మామ కొత్త చెప్పులు కొన్నడు’ అంటది. మొకాలు తెల్వయి సార్ దానికి. కాళ్లే తెలుసు. గా గొళ్లెం మల్ల వెట్టుమంటరా?”

“నేను ఆ మాట అన్ననా?”

“ఇంటికాడ అంటె గదే గద సార్.”

“ఎక్కడున్నది ఇప్పుడు పిల్ల?”

“కింద, మెట్ల కాడ కూసోవెట్టిన. ఎత్తుకొని పైకి తెస్తనంటె వద్దని మొండికేసింది. ‘నువ్వు పో, నేన్రాను’ అన్నది.”

“ఒక్కతే ఉన్నదా? ఐలమ్మ ఉన్నదా?”

“ఐలమ్మవ్వ వరండ ఊడ్సి ఇంటికి పోయింది. గేటు తాళం మీ దగ్గరనే ఉంటదట గద. ‘సారు ఆకర్న పోతడు, ఆయనే ఏసుకుంటడు’ అన్నది.”

“అయితె నువ్వు జల్ది పో. పిల్లను ఒక్కదాన్ని గట్ల వదిలిపెడ్తరా?”

“బళ్లె భయమేముంది? బళ్లెనే భయముంటె ఇంగ యాడికి పోతం? గానీ సార్, ఇంకోటి అడుగుదామనుకున్న. పిల్లలు దాన్ని నూకి పడగొడ్తున్నరా?”

“ఎవరు నూకుతరు?”

“తెల్వక అడుగుతున్న. అరచేతులు గీరుకపోయినయి. మోకాళ్లు దోక్కపోయినయి. గౌను ముంగటంత మన్నే. ఎవరే నూకింది అంటె ఎవ్వలు లేరంటది. ఎవని పేరు చెప్తె వాడు కొడ్తడని దాస్తున్నదేమో.”

“బంద్ అయినంక పిల్లల్ని నిలవెట్టి అడుగుత. నూకినట్టు తెలిస్తె తోలు తీస్త.”

“కొట్టకుండ్రి సార్. చెప్తె చాలు. ఇంకోటి…”

“ఇంకా ఉన్నదా?”

“నీళ్లు తాగుతలేదు. పొద్దున నింపిచ్చిన బాటిల్ నింపినట్టే ఇంటికొస్తది. మొన్న మంటలేసి ఒంటేలుకు పోలేక ఒక్కటే ఏడుపు. దవాఖానకు తీస్కపోతె, పిల్లకు నీళ్లు గూడ తాపుతలేవా అని డాక్టరమ్మ నన్ను తిట్టింది. ఎందుకు తాగవే అంటె ఏమన్నదో తెలుసా సార్? ‘తాగకుంటె పోవుడు ఉండదు. పెద్ద సార్ గూడ తాగడు’ అన్నది. పెద్ద సారెవరో, మీరేనా?”

“ఏమో. పిల్లలు ఎవర్ని ఏమంటరో నాకేం తెలుసు?”

“మీ బల్ల మీద బాటిలే లేదు. అందుకని అడిగిన.”

“త్రివేణమ్మా, నీ బిడ్డ సంగతి మాట్లాడు. నా సంగతి వద్దు.”

“కోపం చెయ్యకుండ్రి సార్. మిమ్ముల జూసే నాకు ధైర్యం వచ్చింది. దీన్ని ఒకటో తరగతిల ఏసిన నాడు, గా వరండల ఏడ్సుకుంట నిలవడ్డ. మా అత్త అన్నది, ‘కుంటిదానికి సదువెందుకు, ఇంట్ల కూసోవెట్టు’ అని. అప్పుడు ఐలమ్మవ్వ మిమ్ముల జూపెట్టింది. ‘గదో గా సారు, చిన్నప్పుడు పోలియో వచ్చింది, కాళ్లకు ఇనుప పట్టీలు, చేతిల కట్టె, అయినా పైన నాలుగో తరగతి చెప్తడు’ అని. గా మాట వట్టుకొనే ఇన్నేండ్లు మోసిన సార్ దీన్ని.”

“నన్ను ఎవ్వరికీ జూపెట్టకు. నేను బొమ్మను కాదు.”

“మీ అసొంటోల్లే కాదంటె ఇంగెవ్వలు అవునంటరు? నేను అడగకముందే మీరు ఊ అంటరనుకున్న. ముందుగాల మీ దగ్గరికే రావాల్నని గూడ అనుకోలే. గంత నమ్మకం.”

“నా అసొంటోల్లు అంటె? ఏమనుకుంటున్నవ్ నువ్వు? కాళ్లు ఒక్క తీరుగుంటె మనుషులు ఒక్క తీరుగుంటరా?”

“నేను గట్లనలే…”

“అన్నవ్. అందరు గట్లనే అంటరు. కూసో త్రివేణమ్మా. ఆ బెంచీ మీద కూసో. పోవంటె పోతలేవు గదా, విను.”

“చెప్పుండ్రి సార్.”

“నాకు మొదట నౌకరి భువనగిరి దిక్కు ఒక ఊర్లె వచ్చింది. టీటీసీల ఫస్టొచ్చిన నేను. పాఠం చెప్పాల్నని మస్తు ఉత్సాహం. పోయిన నాడే ఏం చేసిన్రో తెలుసా? గేటు పక్కకు ఒక కుర్చీ ఏసిన్రు. ‘సార్, మీరు తిరగలేరు, ఈడ కూసోండ్రి’ అన్నరు. మర్యాదగనే అన్నరు. బియ్యం బస్తాలు వస్తె తూకం చూసుడు, గంట కొట్టుడు, ఎవరన్న ఆఫీసరొస్తె లోపలికి కబురు పంపుడు. పిల్లలు నన్నేమని పిల్సిన్రో తెలుసా? గంట సారు. ఏండ్లకేండ్లు గంట సారునే. ఒక్క తరగతి ఇయ్యలే నాకు.”

“అయ్యో సార్.”

“అయ్యో అనకు. ఆ మాట అంటెనే నాకు మండుతది. ఈ బడికి బదిలీ అయినప్పుడు నేనే అడిగిన. ఏ రూం కావాలె అంటె, పైన ఇయ్యుండ్రి అన్న. ఎక్కగల్గుతరా మాస్టారూ అన్నరు. ఎక్కుత అన్న. ఇగ అప్పటి నుంచి ఒక్కరు గూడ నన్ను గంట కొట్టమనలే. పైనున్నోన్ని ఎవ్వరు పిలుస్తరు?”

“మరి కింద గూడ మీరు పాఠమే చెప్తరు గద. పిల్లలు గూడ మీతోనే దిగొస్తరు.”

“మేడం నీతోని సగమే చెప్పింది. నాతోని ఇంకో మాట అన్నది. ‘ఎలాగూ కిందికొస్తున్నారు కదా మాస్టారూ, స్టోరు తాళాలు, భోజనం లెక్కలు మీరే చూసుకోండి. తరగతికి వాలంటీర్ని పెడదాం, మీకూ శ్రమ తగ్గుతుంది’ అన్నది. నవ్వుకుంటనే అన్నది. ఆమెకు నా మీద ప్రేమనే.”

“…గిది నాకు చెప్పలే మేడం.”

“ఎందుకు చెప్తది? నేను ఒక్కసారి దిగితె మల్ల ఎక్కనియ్యరమ్మా. ‘ఇన్నొద్దులు కష్టపడ్డవు, ఇగ కూసో’ అంటరు. నా తరగతి పోతది. నాకు ఈ రూం తప్ప ఇంకేం లేదు.”

“వద్దని చెప్పుండ్రి. తరగతి ఇయ్యకుంటె దిగ అనుండ్రి.”

“అంటె ఏమంటరు? ‘పిల్ల కోసం కాదా మాస్టారూ, ఆ మాత్రం సర్దుకోలేరా’ అంటరు. నీ బిడ్డను చూపెట్టి నా నోరు మూస్తరు.”

“అయితె నా బిడ్డ కింద, మీరు పైన. మద్యలకెల్లి మేడం నవ్వుకుంట కూసుంటది. గంతేనా సార్?”

“…నేను ఏం చెయ్యాలె చెప్పు?”

“నాకు సదువు రాదు సార్, మీకు నేనేం చెప్త? గానీ ఒకటి సమజ్ అయితలేదు. మీరు దినాం ఎక్కుతనే ఉన్నరాయె. ఇయ్యాల కొత్తగ ఎక్కి సూపెట్టేది లేదు. ‘మా సారు కట్టె వట్టుకొని టకటక ఎక్కుతడు, మాకంటె ముందే పైనుంటడు’ అని పిల్లలు వాడంత చెప్తరు. గంత ఎక్కేటోల్లకు కిందికొస్తె ఏమైతది? ఎవ్వలేమన్నా, మల్ల ఎక్కి సూపెట్టరాదా?”

“పిల్లలు చూసిన్రా?”

“ఏంది సార్?”

“నేను ఎక్కంగ చూసిన్రా అంటున్న.”

“సూడకుంటె చెప్తరా? …సూడలేదా ఏంది?”

“చూసి ఉంటరు. చూసి ఉంటరు. సరె, ఇగ చాలు.”

“ఒక పని జేయుండ్రి సార్. మీరు దిగకుండ్రి. మీ రూం మీకే ఉండనియ్యుండ్రి. మీరెట్ల ఎక్కుతరో నా బిడ్డకు నేర్పుండ్రి. కాళ్లకు మీ తీరు పట్టీలే, కట్టె గూడ కొనిస్త. రోజు ఇంత కొంచెం నేర్పితె దసరా వరకన్న వస్తది.”

“అది నేర్పేటిది కాదు.”

“ఎందుకు కాదు? ఎక్కాలు నేర్పుతలేరా?”

“కాదంటె కాదు! ఆ తీరుగ ఎక్కుడు ఎవ్వరికీ రావద్దు. ఆడపిల్లకు అసలే రావద్దు.”

“గంత గట్టిగెందుకు అంటున్నరు? నేనేం తప్పడిగిన?”

“తప్పు లేదు. …చూడు, నలుగురు పోరగాండ్లను పెడ్త. పొద్దున ఎత్తుకొస్తరు, సాయంత్రం దించుతరు. గట్టి పిల్లలున్నరు నా తరగతిల. గిది అయితది. ఒప్పుకో.”

“వద్దు సార్.”

“ఎందుకు?”

“సంకురాత్రి ముందు పాటల పోటీకని పైకి తెచ్చిన్రు దాన్ని. మీకు యాదికున్నదా? నలుగురు పోరగాండ్లు చేతులు, కాళ్లు వట్టుకొని తెచ్చిన్రు. నడుమ మెట్ల మీద గౌను పైకి లేసింది. ఒకడు నవ్విండు, అందరు నవ్విన్రు. పాట పాడలే అది. ఇంటికొచ్చి అన్నం తినలే. తొమ్మిదేండ్ల పిల్ల సార్. రేపో మాపో పెద్దగైతది. మోపిచ్చుకొనే సదువు నాకొద్దు.”

“…ఆ సంగతి నాకు తెల్వదు. పాట ఎందుకు పాడలే అని నేనే గద్దించిన.”

“మీరు స్టేజి కాడ కూసున్నరు. మెట్ల కాడికి రాలే.”

“కరెంటు పోయింది.”

“సూసిన. ఇప్పుడేం దిద్దుతరు సార్ చీకట్ల? లేవుండ్రి. వాన మొదలైతది. కల్సే దిగుదాం, మీ సంచి నేను వట్టుకుంట.”

“నువ్వు పో.”

“మీరు?”

“నేను వస్త. వెనకాల వస్త.”

“చీకట్ల ఒక్కరు ఎట్ల దిగుతరు? కింది మెట్లకు కటకటాలు గూడ లెవ్వు. నేను ముందుకు నిలవడ్త, మీరు నా భుజం మీద చెయ్యి వెట్టుండ్రి. అన్న లెక్క. గిండ్ల షరమేమున్నది?”

“నేను దిగనంటున్నా గదా! పోతవా పోవా?”

“…పోత సార్. ఒర్లకుండ్రి. పిల్ల జడుసుకుంటది. మానసా! ఓ మానసా! వస్తున్న బిడ్డా. మానసా! ఊఁ అను. …సప్పుడు లేదు సార్.”

“నిద్రపోయిందేమో.”

“గింతల్నే నిద్రనా? మానసా! ఓ పోరీ! గేటు తీసే ఉన్నది సార్. రోడ్డు మీదికి పోయిందా ఏంది? పాక్కుంట పోయిందా? సార్, లేవుండ్రి, మీరు గా దిక్కు సూడుండ్రి, నేను…”

“నువ్వు ఉరుకు! నువ్వు ఉరుకమ్మా, నా కోసం చూడకు!”

“మీరు లేవరేంది సార్? పిల్ల కనవడ్తలేదంటె కుర్సీల కూసుంటరేంది?”

“ఉరుకంటున్న!”

“అమ్మా, ఒర్లకు. ఈన్నే ఉన్న.”

“యాడ? యాడున్నవే?”

“మెట్ల మలుపు కాడ. వస్తున్న.”

“ఎవ్వలు తెచ్చిన్రే నిన్ను గీడికి? ఐలమ్మవ్వ మల్ల వచ్చిందా?”

“ఎవ్వలు తేలే. నేనే.”

“నువ్వేంది? కాళ్ల పట్టీలు గూడ ఇప్పేసినవాయె! ఆగు, కదలకు, నేను వచ్చి ఎత్తుకుంట.”

“వద్దు! దిగి రాకమ్మా. ఇంక కొన్నే ఉన్నయి. మాట్లాడియ్యకు, దమ్ము వస్తది.”

“ఏమైందమ్మా? పిల్ల ఏది?”

“ఎక్కుతున్నది సార్. చేతుల మీద ఎక్కుతున్నది. నా బిడ్డ చీకట్ల జంతువు తీరు చేతులు, మోకాళ్లేసి ఎక్కుతున్నది. మీరు గీడికొచ్చి సూడుండ్రి ఒక్కపారి.”

“అయిపాయెనమ్మా. ఎక్కిన. గిదో, గుమ్మం.”

“మానసా… చేతులు జూపెట్టు. నెత్తురు గారుతున్నది. గందుకేనా అరచేతులు గీరుకపోయింది? నేను ఎవ్వలో నూకిన్రని సార్‌తోని కొట్లాట వెట్టుకున్న!”

“ఎవ్వలు నూకలే అని చెప్పిన గదమ్మా.”

“నీకు గీ తీరుగ ఎక్కుడు ఎవ్వలు నేర్పిన్రే?”

“ఎవ్వలు నేర్పలే.”

“సార్ దిక్కు ఎందుకు సూస్తున్నవ్? నన్ను జూసి చెప్పు.”

“ఐలమ్మవ్వ ఒట్టేపిచ్చుకుంది. చెప్పద్దు.”

“ఏం చెప్పద్దు? అమ్మకు గూడ చెప్పద్దా? సెంపలు వలుగుతయి సూడు.”

“కొట్టకమ్మా దాన్ని. నేనే నేర్పిన.”

“మీరా? ఇప్పుడే గద సార్ నేర్పేటిది కాదంటిరి?”

“నేర్పినట్టు నాకు గూడ ఇప్పుడే తెలిసింది. మానసా, ఒట్టు నేను తీసేస్తున్న. చెప్పు బిడ్డా. నువ్వెప్పుడు చూసినవ్?”

“దినాం సార్.”

“దినామా?”

“అమ్మ నన్ను దించి కంపెనీ ఆటోకు పోతది గద. ఎవ్వలు రారు అప్పటికి. ఐలమ్మవ్వ ఊడుస్తుంటది. మీరొస్తరు. ఇటు జూస్తరు, అటు జూస్తరు. నేను మెట్ల కింద బియ్యం సంచులుంటయి గద, ఆడ కూసుంట, మీకు కనవడ. మీరు కట్టె పై మెట్టు మీద వెడ్తరు, టక్‌మంటది. తర్వాత చేతులు వెడ్తరు. తర్వాత మోకాళ్లు…”

“…చాలు బిడ్డా.”

“మీరు ఎనకకు జూడరు సార్. కట్టె టక్‌మన్నప్పుడల్లా నేను గూడ ఒక మెట్టెక్కుత. సప్పుడు వినవడదు గద. మలుపు దాంక మీ ఎనకాలనే వస్త. మీరు రూంలకు పోయినంక ఐలమ్మవ్వ నన్ను ఎత్తుకొని దించుతది. పైదాంక ఎక్కింది ఇయ్యాలనే.”

“నా ఎనకాలనే. ఇన్నొద్దులు నా ఎనకాలనే…”

“సార్… గందుకేనా? పొద్దటి సంది నీళ్లు తాగంది, అందరు పోయేదాంక కాపీలు దిద్దేది, గిప్పుడు నా బిడ్డ కనవడకుంటె గూడ కుర్సీ ఇడువంది… గందుకేనా?”

“గందుకే.”

“రామ్మోహనరావు సార్‌కు తెల్వదా?”

“ఎవ్వరికీ తెల్వదు. ఐలమ్మకు తప్ప. నేను చెయ్యి నేలకు ఆనిచ్చుడు ఎవ్వరు చూడొద్దు అనుకున్న. గంట సారు పోయి పాకుడు సారు వస్తడని భయం. చూసినోల్లు ఉంటరని, చూసి నేర్సుకుంటరని అనుకోలే.”

“నేను ఎవ్వలకు చెప్పలే సార్.”

“తెలుసు బిడ్డా. నీళ్లెందుకు తాగుతలేవు?”

“మీరు తాగరు గద సార్. తాగితె పాయిఖానకు దిగాలె. నేను గూడ పైకొచ్చినంక గట్లనే ఉండాలె గద, గందుకని ఇప్పటి సందే అలవాటు జేసుకుంటున్న.”

“…త్రివేణమ్మా, పిల్ల బాటిల్ ఇయ్యి.”

“గిదో సార్. నిండుగనే ఉన్నది.”

“చూడు. తాగుతున్న. చూసినవా? గొంతుల దిగిందా? ఇప్పుడు నువ్వు తాగు. మొత్తం తాగు. ఇగ నుంచి నేను తాగంగ నీకు కనవడకుంటె నువ్వు అడుగు నన్ను.”

“సల్లగున్నయి సార్.”

“తాగు.”

“సార్, మేం పోతం. మీరు కాపీలు దిద్దుకోండ్రి.”

“ఆగమ్మా…”

“లేదు సార్. నాకు సమజైంది. మీ రూం మీకే ఉండనియ్యుండ్రి. నేను మేడంతోని ఏం చెప్ప. ఎవ్వలతోని ఏం చెప్ప. మూడో తరగతిలనే కూసుంటది, లేకుంటె ఇంకో బడి జూస్త. రామంతాపూర్ల ఒకటున్నదంటున్నరు. మిమ్ముల తక్కువ జేసి నా బిడ్డను ఎక్కువ జేసుకోను. మీరు నిమ్మలంగ దిగుండ్రి, మేం గేటు దాటేదాంక ఎనకకు జూడం. లే మానసా, నా మెడ వట్టుకో.”

“వద్దమ్మా. ఎత్తుకోకు.”

“గిదేం మొండితనమే? వానొస్తున్నది. చీకట్ల ఎట్ల దిగుతవ్?”

“దిగుడు రాదు నాకు.”

“రాదంటివి గద, మరి మెడ వట్టుకో.”

“ఎక్కుడు సార్‌ను జూసి వచ్చింది. దిగుడు ఎన్నడు జూడలే, అందరు పోయినంకనే దిగుతడు గద. మనం ఇయ్యాల ముందుగాల పోవద్దమ్మా. సార్, మీరు ముందు దిగుండ్రి, నేను జూస్త.”